ముప్పై తెరల మీద ఒకే పేరు: శ్రీ హనుమత్ప్రసాద్ గారి పదవీ విరమణ వేళ

పందొమ్మిది వందల తొంభై ఏడవ సంవత్సరం జూన్ నెల పదహారవ తేదీ, సోమవారం ఉదయం, అమీర్‌పేటలోని మన విజ్ఞానదీప్తి కంప్యూటర్ శిక్షణ సంస్థ మూడవ అంతస్తు మెట్లెక్కి, ఆయాసం తీర్చుకోవడానికైనా ఆగకుండా "ఇక్కడ ఏ వస్తువు ఎక్కడుంటుందో చెప్పేవారెవరండీ?" అని అడిగిన శ్రీ హనుమత్ప్రసాద్ గారు, ఈ రెండువేల ఏడు జూలై ముప్పై ఒకటవ తేదీన ప్రయోగశాల పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆ ప్రశ్నకు ఆనాడు జవాబు చెప్పగలవారు సంస్థలో ఒక్కరూ లేకపోవడం చేతనే ఆయనకు ఉద్యోగం దొరికిందని సంస్థాపకురాలు శ్రీమతి హైమవతి గారు ఇప్పటికీ అంటూ ఉంటారు.

కాకినాడలో జన్మించి, సనత్‌నగర్‌లో ఒక పంపుల కర్మాగారంలో ఇరవై ఏళ్లకు పైగా స్టోర్ కీపర్‌గా పనిచేసి, ఆ కర్మాగారం మూతపడగా నలభై ఎనిమిదో ఏట మళ్లీ ఉద్యోగాల వేటలో పడిన హనుమత్ప్రసాద్ గారికి కంప్యూటరు విద్య అప్పటికి బొత్తిగా తెలియదు. తెలిసినదల్లా ఒక్కటే. నట్టుకొక అర, బోల్టుకొక అర ఉండాలి. చెయ్యి చాపితే వస్తువు దొరకాలి. ఈ ఒక్క సిద్ధాంతాన్నే నమ్ముకుని ఆయన ఈ కొత్త లోకంలో అడుగుపెట్టారు. పగలంతా ల్యాబ్ చూసుకుంటూ, సాయంకాలం కాలేజీ పిల్లల సరసన చివరి బెంచీలో కూర్చుని పాఠాలు విన్నారు. అర్థం కాని చోటల్లా చెయ్యెత్తి ఆయన అడిగే ప్రశ్నల వల్ల బ్యాచులు ఆలస్యంగా ముగిసేవని గిట్టనివారు గొణిగినా, ఆ ప్రశ్నల పుణ్యాన తమకు ఏదో కాస్త అబ్బిందని ఆ బ్యాచుల పిల్లలే చెప్పుకునేవారు.

అవి అమీర్‌పేట గోడల మీద ప్రకటనలకు ఖాళీ దొరకని రోజులు. చదువు పూర్తయిన ప్రతి యువకుడూ ఒక సంచీ భుజాన వేసుకుని బస్సు దిగేవాడు; దిగీ దిగగానే అయిదారు కరపత్రాలు చేతిలో పడేవి; మూడు నెలల్లో ప్రోగ్రామర్లను చేస్తామని ప్రతి మెట్ల దారీ పిలిచేది. అటువంటి పోటీలో మన సంస్థ నిలదొక్కుకోవడానికి హైమవతి గారు పడిన శ్రమ వర్ణనాతీతం. ఆ శ్రమకు హనుమత్ప్రసాద్ గారు చేసిన తొలి సాయం, ఆయన జీవితంలోకెల్లా పెద్ద తలనొప్పి, రెండూ ఒకటే కావడం విధి విలాసమనే చెప్పాలి.

అప్పట్లో మన విద్యార్థులు ప్రోగ్రాములు రాసుకోవడానికి ల్యాబ్‌లో ఒక టెక్స్ట్ ఎడిటర్ ఉండేది. రాసినదాన్ని ఎక్కడ దాచాలో మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, సేవ్ నొక్కగానే అది తనకు ముందే చెప్పి ఉంచిన ఫోల్డరులో దాచేస్తుంది. ఆ చోటునే డిఫాల్ట్ పాత్ అంటారు. మన ఎడిటర్‌కు ఎవరూ ఏమీ చెప్పి ఉంచలేదు గనుక ఒక్కో మిషన్‌లో ఒక్కో మూల దాచేది. నిన్న రాసిన ప్రోగ్రాము ఇవాళ కనబడేది కాదు. పిల్లలు వెతుకుతుండగానే గంట గడిచిపోయేది, బయట తరువాతి బ్యాచు తలుపు తట్టేది. ఈ అరాచకాన్ని చూసి స్టోర్ కీపర్ హృదయం విలవిలలాడింది. ఒక ఆదివారం ఆయన ఒక్కరే వచ్చి, మిషన్ మిషన్‌కూ తిరిగి, ఎడిటర్ సెట్టింగులు తెరిచి, అన్నింటి డిఫాల్ట్ పాత్‌నూ సర్వరులోని ఒకే ఒక్క ఫోల్డరుకు మళ్లించారు. దానికి 'సాధన' అని నామకరణం చేశారు. ఎవరు ఎక్కడ కూర్చుని ఏం రాసినా సాధనలోకే చేరుతుంది. ఎవరు ఏం తెరవబోయినా సాధనే తెరుచుకుంటుంది. వెతుకులాట అన్నది ల్యాబ్ నుంచి అంతర్ధానమైపోయింది.

హైమవతి గారు పరమానందభరితులై హనుమత్ప్రసాద్ గారికి శాలువా కప్పారు. త్వరలో పంజగుట్టలో తెరవబోయే శాఖకు ఆయనే అధిపతి అని ఆ సభలోనే ప్రకటించారు. ఆయన సతీమణి శ్రీమతి దుర్గాంబ గారు శ్రీనగర్ కాలనీలోని చుట్టాలందరికీ ఆ శుభవార్త చేరవేసి, పంజగుట్ట గదికి కిటికీ తెరల గుడ్డ కూడా ఎంపిక చేశారు.

తొంభై ఎనిమిది వేసవిలో చేరిన సాయంకాలపు బ్యాచు మన సంస్థ చరిత్రలో ఒక అద్భుతంగా పేరు పొందింది. ముప్పై మంది విద్యార్థులు. పాఠం చెప్పేవారు మన సురేందర్ గారు. ఆయన బోధనా పద్ధతిలో కొన్ని నియమాలుండేవి. ఫైలుకు అందరూ 'టెస్ట్' అనే పేరే పెట్టాలి, లేకపోతే ఎవరు ఏ పేరు పెట్టారో గుర్తుండదు. సేవ్ చేసేటప్పుడు మిషన్ ఏది అడిగినా ఎస్ నొక్కాలి. అందరికంటే చివరివారిది కూడా సేవ్ అయ్యేదాకా ఎవరూ ప్రోగ్రామును నడపకూడదు. ఆ తరువాత "వన్, టూ, త్రీ" అనగానే ముప్పై మందీ ఒక్కసారిగా నడపాలి. పాఠం ముగిశాక ఫైళ్లన్నీ తుడిచేసి తరువాతి బ్యాచుకు మిషన్లు అప్పగించాలి. ఆయన త్రీ అనగానే ముప్పై తెరల మీదా సరైన జవాబు తళుక్కుమనేది. ఒక్క తప్పు లేదు. పక్క సంస్థల ఫ్యాకల్టీ టీ తాగే నెపంతో వచ్చి గుమ్మంలో నిలబడి చూసిపోయేవారు. "మన బ్యాచ్ మస్తు తయారైంది ప్రసాద్ సార్" అని సురేందర్ గారు మీసం దువ్వుకునేవారు.

ఆ బ్యాచులో హైమవతి గారి కుమార్తె మంజూష కూడా ఉండేది. తల్లి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఆ బ్యాచు మొత్తానికి ఒకే ఒక్క లోపం, ఖైరతాబాద్ నుంచి వచ్చే దివ్యశ్రీ. కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరాన్నీ వెతికి, రాసినదాన్ని రెండుసార్లు చదువుకుని, అందరూ చేతులు కట్టుకుని తనకేసే చూస్తుండగా ఆ అమ్మాయి చిట్టచివర సేవ్ చేసేది. ముప్పై మంది పరుగునూ ఒక్కతే ఆపుతోందని తోటివాళ్లు విసుక్కునేవారు. తనకు ఈ విద్య రాదని ఆమెకు కూడా నమ్మకం కుదిరింది. మేనమామ పెళ్లికని ఆమె మానేసిన ఒక్కరోజున ముప్పై మిషన్లూ కాదు గాని ఇరవై తొమ్మిదీ ఒకే తప్పు చూపించాయి. సురేందర్ గారు పంచాంగం చూసి, అమావాస్య అని తేల్చారు.

జూలై నెలలో ఒక పెద్ద కంపెనీ మన బ్యాచు కీర్తి విని, తామే మన ల్యాబ్‌కు వచ్చి పరీక్ష పెట్టి ఉద్యోగాలిస్తామని కబురు పంపింది. పరీక్ష ఇంకా రెండు రోజులుందనగా, సురేందర్ గారు సరదాగా, ఎవరి పేరు వాళ్ల తెర మీద పడేలా ఒక చిన్న ప్రోగ్రాము రాయమన్నారు. ఆ సమయంలో హనుమత్ప్రసాద్ గారు ల్యాబ్‌లోనే ఉన్నారు. వన్, టూ, త్రీ. ముప్పై తెరల మీదా దివ్యశ్రీ అనే పేరు వెలిగింది.

మంజూష తన తెర కేసి చూసి, పక్క తెర కేసి చూసి, కుర్చీ వెనక్కి జరిపింది. ఇది కొత్త రకం వైరస్ అని, దాని పేరు దివ్యశ్రీ అని, ఎవరూ ఏదీ ముట్టుకోవద్దని సురేందర్ గారు ఆజ్ఞాపించారు. వెనక బెంచీల నుంచి నవ్వులు మొదలయ్యాయి. దివ్యశ్రీ మాత్రం నవ్వలేదు. ఆమె లేచి హనుమత్ప్రసాద్ గారి దగ్గరకు వచ్చి, "నా వల్లనే అందరి మిషన్లు ఖరాబైనయ్ సార్. రేపటి సంది నేను రాను" అని చెప్పి, ఆయన నోరు విప్పేలోగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

హనుమత్ప్రసాద్ గారు కూర్చుని ఆలోచించారు. వైరస్సూ కాదు, అమావాస్యా కాదు. అందరి మిషన్లకూ డిఫాల్ట్ పాత్ ఒక్కటే. అందరి ఫైలు పేరూ ఒక్కటే. ఉన్న ఫైలును చెరిపి దాని మీద రాయమంటావా అని మిషన్ పాపం ప్రతిసారీ అడుగుతూనే ఉంది. ఏది అడిగినా ఎస్ నొక్కమన్న గురువాజ్ఞ మేరకు ఒకరి ఫైలును ఇంకొకరు చెరిపేస్తూ వచ్చారు. చివరికి మిగిలేది చిట్టచివర సేవ్ చేసినవారి ఫైలు. ఎదుటి తెర మీద ఎడిటర్‌లో ఎవరు రాసినది వారికి అలాగే కనిపిస్తూ ఉండగా, నడిచినది మాత్రం అన్ని రోజులూ దివ్యశ్రీ ప్రోగ్రామే. తాను శాలువా కప్పించుకున్న ఏర్పాటు నెలల తరబడి ఏం చేసిందో తెలిసేసరికి ఆయన చెమటలు తుడుచుకున్నారు. అయినా నమ్మకం చాలక, ఉన్నవాళ్లందరి చేతా వేరు వేరు పేర్లతో సేవ్ చేయించి ఒక్కొక్కటే నడిపించి చూశారు. ముగ్గురివి నడిచాయి. మంజూషది నడవలేదు.

ఆయన తిన్నగా హైమవతి గారి గదికి వెళ్లి ఉన్నదున్నట్టు విన్నవించారు. మంజూషమ్మకు కూడా రాదని, తాను స్వయంగా చూశానని చెప్పారు. ఆవిడ ముఖం ఎర్రబడింది. తన కూతురికి రాదని చెప్పడానికి ఆయనెవరని అడిగారు. కాసేపటికి తేరుకుని, ఆలోచనాపరురాలు గనుక, పరీక్ష జరిగేది మన ల్యాబ్‌లోనే కదా అన్నారు.

"ముప్పై మందికీ ఉద్యోగాలొస్తాయండీ. మీరు చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకుండా ఉండటమే. ఆ అమ్మాయిని మాత్రం ఎలాగైనా తీసుకురండి, చివర్లో సేవ్ చెయ్యమనండి" అన్నారు హైమవతి గారు. పంజగుట్ట మాట కూడా గుర్తుచేశారు.

మర్నాడు సాయంత్రం బస్సులో ఖైరతాబాద్ వెళుతున్నంతసేపూ హనుమత్ప్రసాద్ గారు ఆ మాటలను దివ్యశ్రీకి ఎలా చెప్పాలో మనసులో వల్లె వేసుకున్నారు. ముప్పై కుటుంబాల సంగతి. తన కుటుంబం సంగతి కూడా ఉంది. యాభయ్యో పడికి చేరువైన మనిషికి శాఖాధిపతి పదవి రెండోసారి రాదు. దివ్యశ్రీ తండ్రి రాజనర్సయ్య గారు లేత్ వర్క్స్‌లో పనిచేస్తారు. అయ్యవారు ఇంటికి రావడంతోనే ఆయన కంగారుపడి, కుర్చీ వేసి, "మిషన్ ఖరాబైతే ఫికర్ చేయకుండ్రి సార్. రేపు పొద్దుగాల నా సామాన్ తీస్కొని నేనే వచ్చి చూస్త" అన్నారు. కూతురు పాడుచేసిందనుకున్న ముప్పై కంప్యూటర్లనూ పానా పట్టుకుని బాగు చేయడానికి సిద్ధపడిన ఆ మనిషిని చూశాక, వల్లె వేసిన మాటల్లో ఒక్కటీ హనుమత్ప్రసాద్ గారి నోటికి రాలేదు. మిషన్ల తప్పు లేదని, అమ్మాయి తప్పు లేదని, తప్పంతా తనదని చెప్పేశారు. ఎలా జరిగిందో వివరించారు.

దివ్యశ్రీ "అయితే సార్, గిన్ని దినాలు అందరికి వచ్చిన ఆన్సర్ నాదేనా?" అని అడిగింది.

"నీదేనమ్మా."

"రేపు ఎవ్వరిది వాళ్లకే వచ్చేటట్టు చేస్తరా సార్? నాది జర లేటైతది. అయినా సరే."

పరీక్ష రోజు పొద్దున్నే, ల్యాబ్ ఊడ్చేవారి కంటే ముందే హనుమత్ప్రసాద్ గారు వచ్చి, ముప్పై ఫోల్డర్లు సృష్టించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క విద్యార్థి పేరు పెట్టి, మిషన్ మిషన్‌కూ తిరిగి డిఫాల్ట్ పాత్‌లు మార్చారు. విషయం తెలియని హైమవతి గారు కంపెనీ ప్రతినిధులకు ఉస్మానియా బిస్కట్లు పెట్టి, మా పిల్లలు తప్పు చేయడం మరిచిపోయారండీ అని చెప్పుకొచ్చారు. సురేందర్ గారు అలవాటు ప్రకారం వన్, టూ, త్రీ అన్నారు. ఒక తెర మీద సున్నా వచ్చింది. ఒక తెర మీద ఆగకుండా అంకెలు ప్రవహించాయి. ఒకటి నల్లగా మారి మళ్లీ తెల్లవారలేదు. మంజూష తెర నిండా తప్పుల పట్టిక వచ్చింది. ప్రతినిధి దాన్ని కిందికి జరుపుతూ జరుపుతూ, చివరికి చేరకుండానే ఆపేశారు. మూడు తెరల మీద మాత్రం సరైన జవాబు ఉంది. అంతకు ముందే, ఇంకా టైపు చేస్తున్న దివ్యశ్రీ కోసం అందరినీ ఆపబోయిన సురేందర్ గారిని, ఇవాళ అక్కర్లేదని హనుమత్ప్రసాద్ గారే వారించారు. ప్రతినిధులు వాచీ చూసుకుంటుంటే మాత్రం, ఇంకొక్క అమ్మాయి ఉంది, దయచేసి కూర్చోండి అని చేతులు జోడించారు. వాళ్లు కూర్చున్నారు. దివ్యశ్రీ రాసినదాన్ని రెండుసార్లు చదువుకుని సేవ్ చేసి నడిపింది. జవాబు సరిగ్గా వచ్చింది. ఆ రోజు నలుగురికి ఉద్యోగాలు వచ్చాయి.

హనుమత్ప్రసాద్ గారికి పంజగుట్ట పోయింది. ఆ శాఖకు సురేందర్ గారిని నియమించారు. "గా కుర్చీ మీది ప్రసాద్ సార్. నేను జర కూసుంటున్న, అంతే" అని సురేందర్ గారు చెప్పి వెళ్లారు, ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి. దుర్గాంబ గారు తెరల గుడ్డను వంటింటి కిటికీకి కట్టి, చుట్టాల దగ్గర తలెత్తుకోలేకపోతున్నానని చాలా కాలం సాధించారు. ముప్పై మందికి మేలు జరిగేదేగా, మీకేంటి నష్టం అని ఆవిడ అడిగితే, "ఉద్యోగంలో చేరాక ఎవరి ఫైలు నడుపుకుంటారు దుర్గా?" అని మాత్రం అన్నారట. ఆ సంవత్సరం సంస్థకు కొత్త విద్యార్థులు తగ్గారు. హైమవతి గారు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు. హనుమత్ప్రసాద్ గారికి అది బాధ కలిగించింది. ఆయన ఉత్తముడే గాని రాయి కాదు.

ఉద్యోగాలు రాని పిల్లలను ఆయన వదిలిపెట్టలేదు. రోజూ మధ్యాహ్నం ల్యాబ్ తెరిచి, సురేందర్ గారిని పంజగుట్ట నుంచి బతిమాలి రప్పించి, పాఠాలు మళ్లీ మొదటి నుంచి చెప్పించారు. కోపంతో ముఖం ముడుచుకుని అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది మంజూష. రోజూ తప్పుల పట్టిక చూసుకుని, తిట్టుకుని, మళ్లీ రాసేది. కొన్ని వారాల తరువాత ఒక మధ్యాహ్నం ఆమె తెర మీద ఆమె పేరు పడింది. చుట్టుపక్కల తెరల మీద కూడా తన పేరే ఉందేమోనని లేచి వెళ్లి అన్నీ చూసింది. ఎక్కడా లేదు. అప్పుడు నవ్వింది.

రెండువేల ఒకటిలో ఉద్యోగాలు ఎండిపోయి బెంచీలు ఖాళీగా ఉన్నప్పుడూ, తరువాత మళ్లీ మెట్ల మీద నిలబడడానికి చోటు లేనప్పుడూ, హనుమత్ప్రసాద్ గారు ఒకే తీరున ఉన్నారు. ఎన్ని ఎడిటర్లు మారినా, ఎన్ని సర్వర్లు వచ్చినా, కొత్త బ్యాచు చేరిన తొలి రోజున ఆయన స్వయంగా ఒక్కొక్కరి పక్కన నిలబడి, "నువ్వు రాసింది ఎక్కడికెళ్తుందో చూపించు" అని అడిగి, చూపించేదాకా కదిలేవారు కారు. బ్యాంకులో, రైల్వే కౌంటరులో కూడా ఆయన ఈ ప్రశ్నే అడిగి వెనక వరుసలో ఉన్నవారి ఓర్పును పరీక్షించిన సందర్భాలు మనలో చాలామందికి అనుభవమే.

ఈ వ్యాసం అచ్చుకు వెళ్లే ముందు, పై సంగతులు ఉంచాలో తీసేయాలో తెలియక హైమవతి గారికి చూపించడం జరిగింది. ఆవిడ అంతా చదివి, కళ్లద్దాలు తీసి, ఒక మాట చేర్చమన్నారు. "నేను జీతమిచ్చేవాళ్లందరూ మా అమ్మాయి బంగారమన్నారు. దానికేమీ రాదని నా ఎదురుగా నిలబడి చెప్పింది ఈయన ఒక్కరే. ఆ మాట అన్నందుకే నేను పంజగుట్ట ఇవ్వలేదు. అది కూడా రాయండి."

రేపటి నుంచి ల్యాబ్ బాధ్యతలు స్వీకరించేది ఆ మంజూష గారే. తన స్థానంలో ఎవరిని వేయమంటారని అడిగితే హనుమత్ప్రసాద్ గారు ఆలోచించకుండా చెప్పిన పేరు అది. ఆమెకు ఈ పని బాగా వచ్చునని కూడా అన్నారు, ఆయన ఆ మాట అన్నారంటే అది నిజమే అయి ఉంటుందని సంస్థలో అందరికీ తెలుసు. ఇకపై శ్రీ హనుమత్ప్రసాద్ గారు దుర్గాంబ గారి పోపుల డబ్బాల జోలికి పోకుండా, ఆకలి వేళకు భోజనం, అలసిన వేళకు నిద్ర, మోకాళ్లకు మెట్లెక్కే సత్తువ తగ్గకుండా, నిండు నూరేళ్లు ఆరోగ్యంతో వర్ధిల్లాలని, మా పిల్లలకు ఏం వచ్చో ఏం రాదో మొహమాటం లేకుండా చెప్పడానికి అప్పుడప్పుడూ ఈ మూడంతస్తులూ ఎక్కి వస్తూ ఉండాలని విజ్ఞానదీప్తి కుటుంబం మనసారా కోరుకుంటోంది.